‘హాయ్ గైస్’ అంటే అందరినీ పిలిచినట్టేనా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: టీమ్ మీటింగ్‌ను రోజూ ‘హాయ్ గైస్’ అని మొదలుపెడతారు. కొత్తగా చేరిన ఒకావిడ ‘నేను గైని కాదండీ’ అన్నారు, నవ్వుతూనే. మీ మొహం చిన్నబోయింది. తర్వాత డిక్షనరీ తీస్తే గైస్ అంటే ఆడా మగా ఎవరైనా కావచ్చనే ఉంది. మరి ఆవిడది అనవసరమైన పట్టింపా? డ్యూడ్, బ్రో, మ్యాన్ సంగతేమిటి? ఇవన్నీ మానేసి ‘ఫోక్స్’ అంటే ముసలివాళ్ళ మాటలా ఉండదా?

ముందు సూటిగా చెప్పేస్తాను. ఈ మాటలు పిలుపులో చాలావరకు ఇద్దరికీ చెల్లుతాయి, ప్రస్తావనలో చెల్లవు. ఎదురుగా ఉన్న గుంపును ‘యూ గైస్’ అంటే అందులో ఆడవాళ్ళూ కలుస్తారు. అక్కడ లేని ఒక మనిషి గురించి ‘ఎ గై’ అంటే మాత్రం ఆ మనిషి మగవాడే. డిక్షనరీ చెప్పింది మొదటి దాని గురించి. ఆవిడ ‘నేను గైని కాదు’ అని ఏకవచనంలోకి మార్చి చూపించింది రెండోదాన్ని. ఇద్దరూ కరెక్టే.

ఇది నేను పుస్తకాల్లో చదివి తెలుసుకున్నది కాదు. పదిహేడేళ్ళుగా ఇంగ్లీషు సీరియళ్ళకు, సినిమాలకు తెలుగు సబ్‌టైటిళ్ళు, డబ్బింగ్ మాటలు రాస్తున్నాను. ఇంగ్లీషులో ఒక మనిషి గురించి ఆడో మగో తేల్చకుండా రెండు మూడు వాక్యాలు హాయిగా నడిపేయొచ్చు. తెలుగులో క్రియ దగ్గరకొచ్చేసరికి దొరికిపోతాం. వచ్చాడా, వచ్చిందా? ‘వచ్చారు’ అని తప్పించుకోవచ్చు గానీ, దొంగతనం చేసి పారిపోయినవాడికి ‘వచ్చారు’ అని ఎంతకని గౌరవం ఇస్తాం? అందుకే ఇలాంటి మాట ఎదురైనప్పుడల్లా నాదొక చిన్న పరీక్ష. వాక్యాన్ని తెలుగులోకి మార్చి చివర ‘వచ్చింది’ పెట్టి చూస్తాను. నిలబడితే ఆ మాట ఇద్దరిదీ. కూలిపోతే మగవాళ్ళది.

‘వేర్ వర్ యూ గైస్?’ అని ఒక తల్లి ముగ్గురు కూతుళ్ళను అడుగుతుంది. ‘ఇంతసేపూ ఎక్కడికెళ్ళారు?’ అని రాస్తాను. గైస్ ఎక్కడికి పోయిందో కూడా తెలియదు, ‘మీరు’లో కరిగిపోయింది. అదే తల్లి ఫోన్‌లో ‘ఎ గై కేమ్ టు ద డోర్’ అంటే ‘ఎవరో ఒకతను తలుపు కొట్టాడు’. ఇక్కడ ‘ఎవరో ఒకావిడ తలుపు కొట్టింది’ అని రాస్తే తప్పుడు అనువాదం అవుతుంది. అదే మాట, అదే నోరు, రెండు నిమిషాల తేడా.

ఇలా ఎందుకయిందో తెలియాలంటే ఈ మాట నడిచొచ్చిన దారి కొంచెం చూడాలి. గై అనేది మొదట ఒక మనిషి పేరు. 1605 నవంబరులో లండన్ పార్లమెంటు భవనం కింద 36 పీపాల తుపాకీమందుతో గై ఫాక్స్ పట్టుబడ్డాడు. రాజునూ పార్లమెంటునూ కలిపి పేల్చేయాలన్న కుట్ర అది. ఆ తర్వాత ఏటా నవంబరు 5న అతని దిష్టిబొమ్మను తగలబెట్టడం ఆనవాయితీ అయింది. పాత బట్టల్లో చెత్తా చెదారం కుక్కి చేసిన ఆ బొమ్మ పేరే ‘గై’. 19వ శతాబ్దానికి ఆ బొమ్మలా అవతారం ఉన్న మనిషిని గై అని ఎగతాళి చేసేవాళ్ళు. అమెరికా చేరేసరికి ఎగతాళి అరిగిపోయి, ఎవరో ఒక మగవాడు అన్న అర్థం మిగిలింది. 20వ శతాబ్దంలో బహువచనంలో ఆడవాళ్ళూ చేరారు. ఒక దేశద్రోహి పేరు నుంచి మీ మీటింగ్ దాకా వచ్చిందన్నమాట.

ఆడవాళ్ళు బహువచనంలోనే ఎందుకు చేరారు, ఏకవచనంలో ఎందుకు చేరలేదు? అసలు కిటుకు ఇక్కడుంది. పాత ఇంగ్లీషులో మనకు ఉన్నట్టే ఒక్కరికి ఒక మాట, పదిమందికి ఒక మాట ఉండేవి. ఒక్కరైతే ‘దౌ’, ఎక్కువమందైతే ‘యీ’, ‘యూ’. మన ‘మీరు’ లాగే, గౌరవం కోసం ఒక్కరిని కూడా ‘యూ’ అనడం మొదలైంది. గౌరవం ముదిరి ముదిరి 17వ శతాబ్దం ముగిసేసరికి ‘దౌ’ మామూలు మాటల్లోంచి జారిపోయింది. తెలుగులో ‘నువ్వు’ చచ్చిపోయి, చంటిపిల్లాడిని కూడా ‘మీరు’ అనాల్సి వచ్చిందనుకోండి. అప్పుడు నేను మీ ఒక్కరితో మాట్లాడుతున్నానా, మీ పక్కన ఉన్న అందరితోనా అని ఎలా తెలుస్తుంది? ఇంగ్లీషులో ఆ కన్నం పడింది. దాన్ని పూడ్చుకోవడానికి ఒక్కో ప్రాంతం ఒక్కో మాట తెచ్చుకుంది. అమెరికా దక్షిణాదిలో ‘యాల్’, బ్రిటన్‌లో ‘యూ లాట్’, పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల ‘యిన్జ్’, ఐర్లండ్‌లో కొన్నిచోట్ల ‘యూస్’. అమెరికాలో మిగతాచోట్ల ఎక్కువగా దొరికింది ‘యూ గైస్’.

కాబట్టి ‘యూ గైస్’లో ఉన్న గైస్ మాట కన్నా ప్రత్యయానికి దగ్గర. ‘మీరందరూ’లో ‘అందరూ’ చేసే పనే అది చేస్తోంది. వాళ్ళు దాన్ని సర్వనామంలా వాడుతున్నారనడానికి ఒక తమాషా సాక్ష్యం కూడా ఉంది. ‘మీ అందరిదీ’ అనడానికి కొందరు అమెరికన్లు ‘యువర్ గైజెస్’ అంటారు. వ్యాకరణం మాస్టార్లు వింటే తల పట్టుకుంటారు. నాకు మాత్రం ముద్దుగా ఉంటుంది.

ఇక మీరు వాడిన ‘హాయ్ గైస్’. ఇందులో ‘యూ’ లేదు. గైస్ ఒంటరిగా నిలబడి ఉంది, అందుకని కాస్త పేరులా, నామవాచకంలా వినిపిస్తుంది. నా అంచనాలో ఇది ‘యూ గైస్’ కన్నా ఒక మెట్టు కింద. చాలామంది చెవికి తటస్థంగానే ఉంటుంది, కొందరి చెవికి ‘మగవాళ్ళూ’ అన్నట్టు తగులుతుంది. మీ సహోద్యోగిని ఆ కొందరిలో ఒకరు.

నాకూ ఇలాంటిదే ఒకటి జరిగింది, కాకపోతే తిరగేసి. పనిలో చేరిన కొత్తల్లో అనువాదకుల బృందానికి పని పంచే బాధ్యత నాది. ఏడుగురికి ‘డియర్ గైస్, ఎపిసోడ్లు ఎల్లుండికి కావాలి’ అని మెయిల్ పెట్టాను. ఏడుగురిలో ఆరుగురు ఆడవాళ్ళు. అయిదు నిమిషాల్లో ఏడో ఆయన జవాబు: ‘మేడమ్, ఇక్కడ గై ఉన్నది నేనొక్కణ్ణే. ఎనిమిది ఎపిసోడ్లూ నావేనా?’ నవ్వుకున్నాం. కానీ చూడండి, ఆ జోక్ పేలిందంటేనే గైస్ పూర్తిగా తటస్థం కాలేదని అర్థం. ‘డియర్ ఆల్’ అని రాసి ఉంటే ఆయనకు జోక్ వేసే సందే దొరికేది కాదు.

జోకులు, బోర్డులు, జంట మాటలు చూడండి, డిక్షనరీ కన్నా అవి నిజం చెబుతాయి. ఎక్కడైనా రెండు బాత్‌రూమ్ తలుపులుండి, ఒకదాని మీద ‘గైస్’ అని రాసి ఉంటే అందులోకి ఏ ఆడమనిషీ వెళ్ళదు. రెండో తలుపు మీద ఏం రాసుందో చూడాల్సిన అవసరం కూడా రాదు. ‘గైస్ అండ్ గర్ల్స్’ అనే జంట వాడుకలో ఉంది. గైస్‌లో ఆడవాళ్ళు ఎప్పుడో కలిసిపోయి ఉంటే గర్ల్స్‌ను మళ్ళీ ఎందుకు పిలవాలి? ఒకమ్మాయి గురించి ‘షి ఈజ్ వన్ ఆఫ్ ద గైస్’ అంటారు. మగవాళ్ళ గుంపులో ఇట్టే కలిసిపోయే పిల్ల అని భావం. గైస్ అంటే మనుషులే అయితే ఈ వాక్యానికి ‘ఆమె మనుషుల్లో ఒకర్తె’ అన్న అర్థం రావాలి. ఎవరూ అలా అనుకోరు. అలాగే ఒకతను ‘ఐ డేట్ గైస్’ అన్నాడంటే వినేవాళ్ళకు అర్థమయ్యేది ఒక్కటే.

ఇంత స్పష్టంగా చెప్పేసి, ఇప్పుడు నా సూత్రానికి పడ్డ చిల్లు కూడా చెప్పాలి. అక్కడ లేని గుంపు గురించి చెప్పేటప్పుడు, అంటే ‘ద గైస్ ఇన్ ద ల్యాబ్’, ‘దోజ్ గైస్’ లాంటివి, అటూ ఇటూ ఊగుతాయి. ఒక క్రైమ్ సీరియల్‌లో రెండో ఎపిసోడ్‌లో ఇన్‌స్పెక్టర్ ‘వన్ ఆఫ్ ద గైస్ ఫ్రమ్ ద ల్యాబ్ కాల్డ్’ అంటాడు. నేను ఆలోచించకుండా ‘ల్యాబ్ నుంచి ఒకడు ఫోన్ చేశాడు’ అని రాసేశాను. ఫైలు వెళ్ళిపోయింది. ఆరో ఎపిసోడ్‌లో ఆ ఫోన్ చేసిన మనిషి తెర మీదకొచ్చింది. తెల్ల కోటు, మెడలో ఐడీ కార్డు, నడివయసు ఆవిడ. ‘ఆ రోజు మీకు ఫోన్ చేసింది నేనే’ అంటుంది. నా సబ్‌టైటిల్ ప్రకారం ఆ ఫోన్ చేసింది మగవాడు. కథలో అదేదో పెద్ద మలుపు అనుకుని ప్రేక్షకులు అనుమానించి ఉంటారు, పాపం. అప్పటి నుంచి అక్కడ లేని గుంపును గైస్ అంటే ‘ల్యాబ్ వాళ్ళు ఫోన్ చేశారు’ అని రాసి ఊపిరి పీల్చుకుంటాను. ‘వాళ్ళు’ అంత చల్లని మాట ఇంగ్లీషులో లేదు.

డ్యూడ్ సంగతి వేరు, అది గై కన్నా సరదా. 1883లో న్యూయార్క్ పత్రికల్లో ఈ మాట గుప్పుమంది. అప్పట్లో డ్యూడ్ అంటే అతిగా ముస్తాబయ్యే షోకిల్లారాయుడు. ఆడవాళ్ళకు వేరే రూపాలు కూడా పుట్టాయి, ‘డ్యూడీన్’ అని, తర్వాత ‘డ్యూడెట్’ అని. వేరే రూపం అవసరమైందంటే అసలుది మగవాళ్ళదేనని ఒప్పుకున్నట్టే. షోకు పోయింది, స్నేహం వచ్చింది. 2004లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ భాషాశాస్త్రవేత్త స్కాట్ కీస్లింగ్ దీని మీద ఒక పరిశోధన వ్యాసమే రాశాడు. ప్రధానంగా కుర్రాళ్ళు కుర్రాళ్ళతో వాడతారని, దగ్గరితనం చూపిస్తూనే ‘మరీ అంత దగ్గర కాదులే’ అన్న ఎడం కూడా అందులో ఉంటుందని, ఆడపిల్లలు కూడా తమలో తాము వాడతారని ఆయన చూపించాడు. ఇప్పుడైతే ‘డ్యూడ్!’ చాలాసార్లు మనిషిని పిలవడం కూడా కాదు, ఆశ్చర్యార్థకం. మన ‘అబ్బా!’, ‘ఓర్నీ!’ లాంటిది. కంప్యూటర్ ఆగిపోతే కంప్యూటర్‌ను చూసి కూడా అంటారు.

ఒకసారి డబ్బింగ్ థియేటర్‌లో ఈ మాట దగ్గర ఇరవై నిమిషాలు ఆగిపోయాం. తెర మీద ఇద్దరు స్నేహితురాళ్ళు. ఒకమ్మాయి చేతిలోంచి ఫోన్ జారి నీళ్ళ బకెట్‌లో పడుతుంది. రెండో అమ్మాయి ‘డ్యూడ్!’ అంటుంది. అరసెకను కూడా లేదు. నేను స్క్రిప్టులో ‘ఒసేయ్!’ అని రాశాను, ఆడపిల్లలు కదా అని. డబ్బింగ్ చెప్పే అమ్మాయి మైక్ ముందు నిలబడి చదివింది. బాగానే చెప్పింది గానీ, అద్దం వెనక ఉన్న మా వైపు చూసి ‘మేడమ్, ఇది మా అమ్మ వాళ్ళ బ్యాచ్ పిలుపు. నేను నా ఫ్రెండ్‌ని రా అనే అంటాను’ అంది. ఇంజనీర్ ‘రా అంటే అబ్బాయిలని కదా’ అన్నాడు. ఆ అమ్మాయి వాదించలేదు. హెడ్‌ఫోన్ సర్దుకుని ‘ఏంట్రా ఇది!’ అని ఒక్కటే టేక్ ఇచ్చింది. పెదాలకూ సరిపోయింది, పాత్రకూ సరిపోయింది. ఇంజనీర్ మారు మాట్లాడకుండా సేవ్ చేశాడు.

మన ‘రా’ అచ్చం డ్యూడ్ నడిచిన దారిలోనే నడుస్తోంది. ఒరేయ్, రా అన్నీ మగపిల్లల పిలుపులు. ఇప్పుడు ఆడపిల్లలు తమలో తాము ‘చెప్పరా’, ‘ఏంట్రా’ అనుకుంటారు. తల్లిదండ్రులు కూతుళ్ళను ముద్దుగా ‘ఏమైంది నాన్నా’, ‘తినరా కన్నా’ అంటారు. కూతురిని నాన్నా అనడం ఏమిటని ఎవరికీ అనిపించదు. కానీ కొడుకును ‘ఏమే, ఒసేయ్’ అని పిలిచి చూడండి! వాడు ఏడుస్తాడు, లేదా పక్కవాళ్ళు నవ్వుతారు. మగ పిలుపు ఆడపిల్లకు ఇస్తే ముద్దు, ఆడ పిలుపు మగపిల్లాడికి ఇస్తే వెక్కిరింపు. ఇంగ్లీషులోనూ ఇదే. అయిదుగురు ఆడవాళ్ళలో ఒక్క మగవాడు ఉన్నా ‘గైస్’ నడుస్తుంది. అయిదుగురు మగవాళ్ళలో ఒక్క ఆడమనిషి ఉంటే ‘హాయ్ గర్ల్స్’ అని ఎవరూ అనరు, పొరపాటున అంటే గొడవే.

గైస్ మీద అభ్యంతరం చెప్పేవాళ్ళ అసలు వాదన ఇదే. చాలామంది దీన్ని సరిగ్గా వినరు. ‘ఆ మాటలో నేను లేను’ అన్నది వాళ్ళ ఫిర్యాదు కాదు. ‘మీ మాటలో నేను ఎప్పుడూ సర్దుకోవాలి, నా మాటలో మీరు ఒక్కసారీ సర్దుకోరు’ అన్నది ఫిర్యాదు. నాకు ఇందులో న్యాయం కనిపిస్తుంది. మాటలు మాత్రం పుట్టుకతో ఇలా లేవు. 14వ శతాబ్దపు ఇంగ్లీషులో ‘గర్ల్’ అంటే పిల్ల, పిల్లాడు ఎవరైనా. మగపిల్లాడని విడిగా చెప్పాలంటే ‘నేవ్ గర్ల్’ అనేవాళ్ళు. ‘మ్యాన్’ అంతకు ముందు మనిషి అన్న అర్థంలోనే ఉండేది. మగవాడికి ‘వేర్’, ఆడమనిషికి ‘వీఫ్’ అని వేరే మాటలుండేవి. వీఫ్, మ్యాన్ కలిసి ‘ఉమన్’ అయింది. ‘వేర్’ చచ్చిపోయి తోడేలు మనిషి కథల్లో ‘వేర్‌వుల్ఫ్’గా మాత్రం బతుకుతోంది. దాంతో ‘మ్యాన్’ మగవాడి చోటులోకి జరిగింది, మనిషి అన్న పాత చోటు మీద హక్కు కూడా వదులుకోలేదు. రెండు కుర్చీల మీద కూర్చున్నట్టు.

రెండు కుర్చీల వ్యవహారం ఎంత దూరం పోతుందో ఒక కోర్టు కేసు చూపిస్తుంది. 1850లో బ్రిటిష్ పార్లమెంటు ఒక చట్టం చేసింది. చట్టాల్లో మగవాళ్ళను సూచించే మాటలు వాడితే, వేరే చెప్పనంతవరకు ఆడవాళ్ళకూ వర్తిస్తాయని. ప్రతిచోటా ‘అతడు లేదా ఆమె’ అని రాయలేక చేసిన ఏర్పాటు అది. శిక్షలు, పన్నులు అన్నిటికీ ‘అతడు’లో ఆడవాళ్ళు ఉన్నారు. 1867లో ఓటుహక్కు చట్టం వచ్చింది. అందులో అర్హతలున్న ‘ప్రతి మ్యాన్’కూ ఓటు అని ఉంది. మాంచెస్టర్‌లో అయిదు వేలమందికి పైగా ఆడవాళ్ళు, 1850 చట్టం ప్రకారం మేమూ అందులో ఉన్నట్టే కదా అని ఓటర్ల జాబితాలో చేరబోయారు. 1868లో చోర్ల్‌టన్ వర్సెస్ లింగ్స్ కేసులో కోర్టు కుదరదంది. ఇక్కడ మ్యాన్ అంటే మగవాడేనట. పన్ను కట్టేటప్పుడు లోపల, ఓటు వేసేటప్పుడు బయట. ‘గైస్ అంటే అందరూనండీ’ అని ఎవరైనా భరోసా ఇస్తే కొందరు ఆడవాళ్ళు వెంటనే నమ్మకపోవడానికి ఇలాంటి చరిత్ర ఉంది. మీ సహోద్యోగినికి ఈ కేసు తెలిసి ఉండాలని కాదు. ఈ రకం భరోసా ఎక్కడ నిలబడదో అనుభవం మీద తెలిసి ఉంటుంది.

మనసులో ఏం మెదులుతుందన్నది ఇంకో విషయం. 1970ల నుంచి మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ రకం ప్రయోగాలు చాలా చేశారు. అందరికీ వర్తించే వాక్యంలో ‘హీ’ పెట్టి, చదివినవాళ్ళకు ఎలాంటి మనిషి కనిపించాడని అడిగితే, మగవాళ్ళే ఎక్కువగా కనిపిస్తారు. ‘దే’ పెడితే ఆ మొగ్గు తగ్గుతుంది. వ్యాకరణం అందరినీ కలుపుకుంటానన్నా ఊహ కలుపుకోదన్నమాట.

మనమేం తక్కువ తినలేదు లెండి. తెలుగులో ‘ఆమె వచ్చింది’, ‘ఆవు వచ్చింది’ క్రియ ఒక్కటే. ఏకవచనంలో ఆడమనిషిని జంతువులు, వస్తువులతో కలిపేశాం. బహువచనంలో మాత్రం ‘ఆవులు వచ్చాయి’, ‘ఆడవాళ్ళు వచ్చారు’ అని మళ్ళీ మనుషుల్లోకి తెచ్చుకున్నాం. ఒంటరిగా ఉంటే ఒక లెక్క, గుంపులో ఉంటే ఒక లెక్క. గై విషయంలో ఇంగ్లీషువాళ్ళు చేసింది కూడా దాదాపు ఇదే కదా అని నాకు ఎప్పుడూ ఆశ్చర్యం.

మిగతా మాటలు త్వరగా చెప్పేస్తాను. బ్రో ఇంకా దారి మధ్యలోనే ఉంది. బ్రదర్‌కు పొట్టి రూపం కాబట్టి మగ వాసన గట్టిగానే ఉంది. ఆశ్చర్యార్థకంగా ‘బ్రో!’ అంటే కుర్రకారు ఎవరికైనా అంటారు. పేరు తెలియని ఆడమనిషికి మెసేజ్‌లో ‘థాంక్స్ బ్రో’ అని పెట్టకండి. నాకు గైస్ అంటే చీమ కుట్టినట్టయినా ఉండదు, బ్రో అంటే మాత్రం నన్ను ఎవరో అనుకున్నారేమో అని వెనక్కి తిరిగి చూడాలనిపిస్తుంది. మ్యాన్ పిలుపులో, ‘కమాన్ మ్యాన్’, ‘ఓ మ్యాన్’ లాంటివాటిలో మగ అర్థం అరిగిపోయింది. ప్రస్తావనలో అణుమాత్రం అరగలేదు. నేస్తమన్న అర్థంలో వాడే మేట్ పాతకాలంలో ఒకే బంతిలో కూర్చుని తినేవాళ్ళన్న అర్థం నుంచి వచ్చింది. దానిలో ఆడ మగ కన్నా మర్యాద గొడవ ఎక్కువ. 2005లో ఆస్ట్రేలియా పార్లమెంటు భవనంలో సెక్యూరిటీ గార్డులు ఎవరినీ మేట్ అనకూడదని ఆదేశమిస్తే, దేశమంతా గోల చేసి మర్నాటికే వెనక్కి తీయించింది. పాల్, అదీ నేస్తమనే, నాకు ఇష్టమైన మాట. శతాబ్దాల కిందట మన దేశం నుంచి యూరప్ చేరిన రోమా జనం భాషలో అన్నదమ్ముడన్న మాట నుంచి ఇంగ్లీషులోకి వెళ్ళింది, ఆ రోమా మాట మన సంస్కృత ‘భ్రాత’కు వారసురాలు. అంటే పాల్, బ్రో రెండూ మూలంలో ఒకే సోదరుడు. ఒకటి మగతనం చాలావరకు మరిచిపోయింది, రెండోది ఇంకా మరవలేదు.

మర్యాద ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. ఈ మాటలకు వచ్చే అభ్యంతరాలన్నీ ఆడ మగ అభ్యంతరాలు కావు. నేను రాసిన ఒక సీరియల్‌లో కొడుకు తల్లిని డ్యూడ్ అంటాడు. ఆమె చేస్తున్న పని ఆపి ‘డోంట్ డ్యూడ్ మీ’ అంటుంది. నేను రాసింది: ‘ఎవర్నిరా నువ్వు రా అంటున్నది?’ ఆమెకు కోపం వచ్చింది తనను మగవాడిని చేసినందుకు కాదు, కొడుకు తనతో సమానమైనట్టు మాట్లాడినందుకు. మీటింగ్‌లో ఎవరైనా మొహం చిట్లిస్తే ముందు అది ఏ రకమో తెలుసుకోండి. పెద్ద హోదాలో ఉన్న మగవాళ్ళకు కూడా ‘హాయ్ గైస్’ నచ్చకపోవచ్చు.

ఇంకొకటి ఉంది, ఇక్కడ నేను కొంచెం గట్టిగానే చెబుతాను. ట్రాన్స్ మహిళలను ‘డ్యూడ్’, ‘బ్రో’, ‘మ్యాన్’ అని పిలిచి, అడిగితే ‘నేను అందరినీ అలాగే అంటాను’ అని సమర్థించుకునేవాళ్ళను చూశాను. వ్యాకరణం ప్రకారం ఆ సమర్థన నిజమే కావచ్చు. కానీ జీవితమంతా మగవాడివే అని అనిపించుకుని అలసిపోయిన మనిషికి ఆ మాట వ్యాకరణంలా వినపడదు. వద్దన్నాక కూడా అంటే అది అలవాటు కాదు, పంతం. ఇలాంటిచోట మాట తటస్థమా కాదా అన్న చర్చే అక్కర్లేదు, ఎదుటి మనిషి వద్దన్నారు, అయిపోయింది.

ఇప్పుడు మీరేం చేయాలి? ముందు చేయకూడనిది: డిక్షనరీ పేజీ ఫోటో తీసి ఆవిడకు పంపకండి. మీ ప్రశ్నలో ఆ ఆలోచన లీలగా కనిపించింది, అందుకే అంటున్నాను. అలాగని అందరి ముందు పొడుగాటి క్షమాపణలూ వద్దు, ఆవిడకే ఇబ్బంది. ఆవిడ నవ్వుతూ అన్నారు, మీరూ నవ్వుతూ ‘సరేనండీ’ అని మర్నాటి నుంచి మానేస్తే సరిపోతుంది. మిగతావాళ్ళు గైస్ అంటే మీరు సరిదిద్దనక్కర్లేదు, మీ నోరు మీ చేతిలో ఉంటే చాలు. ఇంట్లోనో స్నేహితుల దగ్గరో గైస్ అనుకుంటే అదీ మీ ఇష్టం, అక్కడ ఎవరికి ఏది నచ్చుతుందో మీకే తెలుసు. కొత్తవాళ్ళున్న చోట, పై అధికారులున్న చోట, రాతలో, ముఖ్యంగా ఎవరు చదువుతారో తెలియని మెయిల్‌లో మాత్రం వాడొద్దంటాను. మాటలో గొంతు ఉంటుంది, నవ్వు ఉంటుంది. మెయిల్‌లో అవి ఉండవు.

బదులు ఏమనాలి అంటే, మెయిల్‌కు ‘హాయ్ ఆల్’, ‘హలో ఎవ్రీవన్’ ఎక్కడైనా చెల్లుతాయి. ‘టీమ్’ కూడా బాగుంటుంది, నిజంగా టీమ్ అయితేనే. ‘లేడీస్ అండ్ జెంటిల్‌మెన్’ అంటే నలుగురి మీటింగ్‌కు మైకు పెట్టినట్టుంటుంది. ఇద్దరో ముగ్గురో ఉంటే పేర్లతో పిలవడం కన్నా మంచిది లేదు. ‘యాల్’ నిజంగా మంచి మాట, ఆడ మగ గొడవే లేదు, కానీ ఆ యాస లేని నోట్లో అరువు తెచ్చుకున్న చొక్కాలా వదులుగా ఉంటుంది.

ఫోక్స్ ముసలివాళ్ళ మాటలా ఉండదా అన్నారు. ఉంటుంది, మొదటి వారం. నేను కూడా నాలుగు రోజులు ‘హాయ్ ఫోక్స్’ అని నాకే నవ్వొచ్చి మానేశాను. అమెరికాలో మామూలుగానే వాడతారు, నాకే నప్పలేదు. ఇప్పుడు మీటింగ్‌లో ‘హలో, మొదలుపెడదామా?’ అంటున్నాను. ఇన్నాళ్ళలో హలో తర్వాత ఏదో మాట తగ్గిందని ఒక్కరూ అడగలేదు.